ఫోర్టిన్ కట్టాడు సరే, నిలబెట్టింది ఎవరు?

సౌతాంప్టన్ అంటే మనవాళ్ళకి గుర్తొచ్చేవి రెండే: టైటానిక్ బయల్దేరిన రేవు, పిల్లలు మాస్టర్స్ చదవడానికి వెళ్ళే యూనివర్సిటీ. చుట్టాలొస్తే రేవు దగ్గర నిలబెట్టి నాలుగు ఫొటోలు తీసి, షాపింగ్ మాల్ ఒకటి తిప్పి పంపించేస్తాం. ఆ రేవుకి నడిచి వెళ్ళేంత దూరంలోనే పాత ఊళ్ళో ఫ్రెంచ్ స్ట్రీట్ ఉంది. అందులో 58వ నంబరు ఇల్లు 1290 ప్రాంతంలో కట్టింది. ఓరుగల్లులో రుద్రమదేవి పోయి ప్రతాపరుద్రుడు గద్దెనెక్కిన రోజులవి. ఆ రోజుల్లో జాన్ ఫోర్టిన్ అనే వ్యాపారి కట్టించుకున్న ఇల్లు పునాదులు, పక్క గోడలు, నేలమాళిగతో సహా ఇవాళ్టికీ ఉంది. ఇంగ్లిష్ హెరిటేజ్ సంస్థ దాన్ని చూసుకుంటోంది. టికెట్ కొనుక్కుని లోపలికి వెళ్ళొచ్చు.

నాకు ఇష్టమైన ఇల్లు అది. ఇంగ్లండులో పెద్ద పెద్ద కోటలు, చర్చిలు చూసి అలసిపోయినవాళ్ళకి మొదట అక్కడికే వెళ్ళమని చెప్తాను. కోటల్లో రాజులు కనపడతారు, చర్చిల్లో బిషప్పులు కనపడతారు. మామూలు ఊళ్ళో డబ్బు సంపాదించుకున్న మనిషి ఎక్కడ తిన్నాడో, ఎక్కడ పడుకున్నాడో, సరుకు ఎక్కడ దాచాడో చూపించే కట్టడాలు తక్కువ. అయితే ఆ ఇంటిని ఇప్పుడు చూపిస్తున్న తీరుతో నాకో పేచీ ఉంది. చూసినవాళ్ళందరూ “అబ్బ, ఏడొందల ఏళ్ళ ఇల్లు, ఎంత బాగా కాపాడారో” అంటారు. కాపాడినవాళ్ళు ఎవరో ఆ ఇంట్లో ఒక్క గదిలో కూడా కనపడరు. అదే నా గొడవ. ముందు ఇల్లు చూద్దాం, గొడవ తర్వాత.

వీధిలోంచి చూస్తే ఇల్లు ఇరుకు. వీధి వైపు మొహం తక్కువ, వెనక్కి లోతు ఎక్కువ. రేవు ఊరు కదా, వీధి మీద ఎంత జాగా ఉంటే అంత వ్యాపారం. అందుకని స్థలాలన్నీ వీధి వైపు సన్నగా, వెనక్కి పొడుగ్గా కోసి ఇచ్చేవాళ్ళు. ఇల్లు కూడా ఆ కొలతకే లొంగాలి. ఒకదాని వెనక ఒకటిగా దుకాణం, హాలు, వెనక గది. వీటన్నిటి కింద నేలమాళిగ.

అసలు ఇల్లంతా ఆ నేలమాళిగ కోసమే కట్టారని నా అనుమానం. దానికి వీధిలోంచే విడిగా మెట్లున్నాయి. పైన ఎవరు భోంచేస్తున్నా, ఎవరు నిద్రపోతున్నా సంబంధం లేకుండా పీపాలు దించుకోవచ్చు, ఎక్కించుకోవచ్చు. పైకప్పు రాతి కమాను. ఎండాకాలం, చలికాలం తేడా లేకుండా లోపల దాదాపు ఒకే చల్లదనం ఉంటుంది. ఫోర్టిన్ సరుకు వైను. ఇప్పటి ఫ్రాన్సులోని బోర్డో చుట్టుపక్కల గాస్కనీ ప్రాంతం అప్పట్లో ఇంగ్లండు రాజు ఏలుబడిలోనే ఉండేది. ఇక్కణ్ణుంచి ఉన్ని వెళ్ళేది, అక్కణ్ణుంచి వైను వచ్చేది. ఇప్పటిలా సీసాలో పోసి బిరడా బిగించి ఏళ్ళ తరబడి దాచుకునే వైను కాదది. పీపాల్లో వచ్చి పీపాల్లోనే అమ్ముడయ్యేది. పెద్ద పీపా అంటే 252 గ్యాలన్లు, సుమారు 950 లీటర్లు. గాలి తగిలి, వేడి తగిలి ఏడాది తిరిగేసరికి పులిసిపోయే సరుకు. కొత్త పంట ఓడలు రేవులో కనపడితే పాత సరుకు ధర పడిపోయేది. అంటే ఆ రాతి కమాను కింద చల్లగా ఉన్న ప్రతి రోజూ ఫోర్టిన్‌కి లాభంలో లెక్క.

మెట్లు ఎక్కి పైకొస్తే ముందు దుకాణం. కిటికీకి అద్దాలు లేవు. అద్దం అప్పట్లో మామూలు ఇళ్ళకి అందే వస్తువు కాదు. ఇలాంటి దుకాణాలకి అడ్డంగా తెరుచుకునే చెక్క తలుపులుండేవి. కింది రెక్క బయటికి వాలిస్తే సరుకు పరిచే బల్ల, పై రెక్క ఎత్తి నిలబెడితే ఎండకీ వానకీ నీడ. సాయంత్రం రెండూ మూసి గడియ పెట్టుకుంటే దుకాణం కట్టేసినట్టే. దుకాణం పక్కనుంచి సన్నటి దారి లోపలి హాలుకి వెళ్తుంది.

హాలు అంటే ఇప్పటి మన ఫ్లాట్లలో సోఫా వేసుకునే గది కాదు. నేల నుంచి ఇంటి కప్పు దాకా అడ్డం లేకుండా ఖాళీ. మండువా లోగిలి ఎరిగినవాళ్ళకి దీని సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. మిగతా గదులన్నీ దాని మీద ఆధారపడతాయి, వచ్చినవాళ్ళని కూర్చోబెట్టేది అక్కడే, అందరూ తినేదీ అక్కడే. కాకపోతే మండువాకి పైన ఆకాశం, దీనికి పైన కప్పు. చలిదేశం కదా. మనవాళ్ళు గాలీ వెలుతురూ కోసం నడిమధ్య ఖాళీ వదిలారు. వీళ్ళు పొయ్యి పొగ పైకి పోవడానికి కొంత, దర్జాకి కొంత వదిలారు.

ఈ దర్జా సంగతి కొంచెం ఆలోచించాలి. ఫోర్టిన్‌కి ఉన్న స్థలమే సన్నం. అందులో హాలు మీద ఇంకో అంతస్తు వేసుకుంటే ఒక పెద్ద గది కలిసొచ్చేది. వేసుకోలేదు. పైగా మేడ మీద ముందు గదినుంచి వెనక గదికి వెళ్ళడానికి హాలు మీదుగా గాల్లో ఒక చెక్క నడవా కట్టించాడు. అదే మనిషి వీధి వైపు మాత్రం మేడ గదిని గోడ దాటించి బయటికి తోశాడు, కాస్త జాగా కలిసొస్తుందని. లోపల ఒక అంతస్తంతా ఉత్త పుణ్యానికి వదిలేసి, బయట ఊరి వీధి మీద అడుగో రెండడుగులో కాజేశాడన్నమాట. మేస్త్రీ ఎంత మొత్తుకున్నా వినని ఇంటి యజమానులు మనకి కొత్తేం కాదు. కానీ ఫోర్టిన్ పిచ్చివాడేం కాదు. ఎత్తు హాలు లేనివాణ్ణి ఆ ఊళ్ళో పెద్ద వ్యాపారిగా ఎవరూ లెక్కపెట్టేవాళ్ళు కాదు. అప్పు పుట్టాలన్నా, బేరం కుదరాలన్నా ఆ ఎత్తు కావాలి.

కిందటి ఎండాకాలం మా మామగారు వచ్చినప్పుడు ఈ ఇంటికి తీసుకెళ్ళాను. ఆయన రిటైరయ్యేదాకా తెనాలి చుట్టుపక్కల ఇళ్ళ కాంట్రాక్టులు చేశారు. లోపలికి రాకుండా వీధిలోనే చాలాసేపు నిలబడి చూసి, “ఏమయ్యా, పక్క గోడలేమో రాయి, మొహం మటుకు చెక్క. డబ్బు చాల్లేదా ఆయనకి?” అన్నారు.

అందరికీ వచ్చే సందేహమే. రాయి అంటే డబ్బు, చెక్క అంటే పేదరికం అని మనం అనుకుంటాం. ఈ ఇంట్లో లెక్క అది కాదు. పక్క గోడలు రాతివి కావడానికి నిప్పు ఒక కారణం. ఇల్లిల్లూ ఆనుకుని ఉన్న వీధిలో ఒకరి కొంప అంటుకుంటే వరసంతా బూడిదే. లండన్‌లో 12వ శతాబ్దం చివరినాటికే పొరుగిళ్ళ మధ్య గోడల మీద నిబంధనలుండేవి: ఇద్దరూ చెరి అడుగున్నర జాగా ఇవ్వాలి, 3 అడుగుల మందం, 16 అడుగుల ఎత్తు రాతి గోడ లేపాలి. అది లండన్ పద్ధతి. మిగతా ఊళ్ళలో ఉన్నవాళ్ళకి కూడా భయం అదే. రెండోది బరువు. కింద కమాను బయటికి తోసే బలాన్ని ఆపడానికి మందపాటి రాతి గోడలు ఎలాగూ కావాలి. ఇక ముందు వైపు కావలసింది గోడే కాదు, ఖాళీలు: తలుపు, దుకాణం కిటికీ, పైన పడక గదికి వెలుతురు. రాతి గోడలో అంత పెద్ద ఖాళీలు వదిలితే ప్రతిదానికీ చెక్కిన రాళ్ళతో కమాను పెట్టాలి. చెక్కలో అయితే నాలుగు స్తంభాలు, పైన ఒక దూలం. మేడని వీధి మీదికి తోయడం రాయితో బ్రహ్మప్రళయం, చెక్కతో తేలిక. మేడ నేలకి వేసిన అడ్డకర్రల్నే గోడ దాటించి కాస్త ముందుకు పోనిచ్చి, వాటి కొసల మీద పై గోడ నిలబెడతారు. పై గోడ బరువు కొసల్ని కిందికి నొక్కుతుంటే, లోపల నేల మధ్యలో కుంగకుండా ఉంటుంది. కింది గోడ మీద వాన పడదు. స్తంభాలు కూడా ఒక్కో అంతస్తుకి విడివిడిగా పొట్టివి సరిపోతాయి, అంత పొడుగు ఓక్ మాను వెతుక్కోనక్కర్లేదు.

ఇదంతా నేను చెప్తుంటే మా మామగారు విన్నారో లేదో తెలీదు. గుమ్మం పక్కన స్తంభం మీద వేలి కణుపుతో రెండుసార్లు కొట్టి, “ఇది కొత్త కర్రయ్యా,” అన్నారు.

ఆయన అన్నది నిజమే. దుకాణం మొహం 1980ల్లో తిరిగి కట్టింది. ఆ సంగతికి మళ్ళీ వస్తాను. ఈలోపు పాతకాలపు వడ్రంగులు ఆ కర్రని ఎలా నిలబెట్టేవాళ్ళో చెప్పాలి. నా మటుకు నాకు మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా గొప్ప విషయం అది.

మనం కలప అంటే ఏళ్ళ తరబడి ఆరబెట్టింది మంచిదంటాం. ఇంగ్లండు వడ్రంగులు ఇళ్ళకి పచ్చి ఓక్ వాడేవాళ్ళు. ఆరిన ఓక్ ఉలి దిగనంత గట్టి. పచ్చిది చెప్పిన మాట వింటుంది. మాను కొట్టిన కొద్ది కాలానికే చెక్కి, నిలబెట్టేస్తారు, ఆరడం ఇంట్లోనే ఆరుతుంది. ఆరుతూ కుంచించుకుపోతుంది, మెలి తిరుగుతుంది. అందుకే ఆ ఇళ్ళలో ఏ కర్రా తిన్నగా ఉండదు. మరి అతుకులు ఊడిపోవా? ఒక కర్ర కొసని పలచగా చెక్కి రెండోదాంట్లో తొలిచిన గాడిలోకి దూరుస్తారు. రెండిటికీ కలిపి అడ్డంగా బెజ్జం వేసి చెక్క మేకు కొడతారు. ఇనుప మేకులు లేవు. కిటుకంతా ఆ బెజ్జాల్లో ఉంది. లోపలి కర్రకి వేసే బెజ్జం, బయటి కర్ర బెజ్జానికి సరిగ్గా ఎదురుగా ఉండదు, కావాలనే కొద్దిగా పక్కకి వేస్తారు. మేకు కొడుతుంటే అది వంకర తిరిగి దూరుతూ, రెండు కర్రల్నీ దగ్గరికి లాగి బిగిస్తుంది. కర్ర ఆరి కుంచించుకుపోయినా ఆ లాగుడు పోదు.

ఇంకోటి. ఈ చట్రాన్ని ఇంటి స్థలంలో చెక్కేవాళ్ళు కాదు. వడ్రంగి దొడ్లో నేల మీద పడుకోబెట్టి మొత్తం బిగించి చూసుకుని, ప్రతి అతుకు దగ్గరా ఉలితో గీతల అంకెలు వేసి, మళ్ళీ విప్పి బండ్ల మీద స్థలానికి తెచ్చేవాళ్ళు. అక్కడ ఒకటో అంకె ఒకటో అంకెతో, నాలుగో అంకె నాలుగో అంకెతో కలుపుకుంటూ పోతే ఇల్లు లేచిపోతుంది. పాత ఇళ్ళలో దూలాల అతుకుల దగ్గర వెతికితే ఆ గీతలు ఇప్పటికీ కనపడతాయి. వేలు పెట్టి తడమొచ్చు. విడిభాగాలు ఫ్యాక్టరీలో చేసి సైటులో బిగించడం ఈమధ్య పుట్టిన గొప్ప అని చెప్పే బిల్డర్లకి ఒకసారి ఈ గీతలు చూపించాలి. చట్రం ఇల్లు అంటే ఎంత విడిగా నిలబడగల వస్తువంటే, 1961లో ఎక్సెటర్ ఊళ్ళో రోడ్డుకి అడ్డమొచ్చిందని ఇలాంటి పాత చెక్క ఇంటినొకదాన్ని చక్రాల మీద పెట్టి దాదాపు 70 మీటర్లు లాక్కెళ్ళి వేరే చోట నిలబెట్టారు. అక్కడే ఉంది ఇప్పటికీ.

స్తంభాల మధ్య ఖాళీల్లో పుల్లల తడిక అల్లి, రెండు వైపులా మట్టి, గడ్డి, పేడ కలిపి మెత్తేవాళ్ళు. పైన సున్నం. ఇక నల్ల కర్రలు, తెల్ల గోడలు అని క్యాలెండర్లలో వేసే బొమ్మ చాలావరకు 19వ శతాబ్దం మోజు. చాలా చోట్ల ఓక్‌ని అలా వదిలేస్తే వెండి బూడిద రంగుకి తిరిగేది, లేకపోతే కర్రా గోడా అని చూడకుండా అంతటా సున్నమే కొట్టేవాళ్ళు.

సరే, ఇప్పుడు గొడవలోకి వస్తాను.

ఫోర్టిన్ తర్వాత ఈ ఊరికి మంచి రోజులు ఎక్కువకాలం సాగలేదు. 1338 అక్టోబరులో ఫ్రెంచివాళ్ళు ఓడల్లో వచ్చి ఊరిమీద పడి, దోచుకుని, తగలబెట్టి పోయారు. ఆ దెబ్బకి రాజు రేవు వైపు కూడా గోడ కట్టమన్నాడు. అక్కడ అప్పటికే వ్యాపారుల రాతి ఇళ్ళున్నాయి. కొత్త గోడకి డబ్బెందుకని ఆ ఇళ్ళ ముందు గోడల్నే కోటగోడలో కలిపేశారు. తలుపులు, కిటికీలు రాళ్ళతో మూసేశారు. 12వ శతాబ్దపు ఇల్లొకటి ఇంకా అలాగే ఉంది. జాన్ రాజు మహల్ అంటారు గానీ ఆ రాజుకీ దానికీ ఏ సంబంధం లేదు. వ్యాపారి సరుకు దిగిన గుమ్మం మూసేసి, తుపాకీ గొట్టం పట్టేంత కంతలు పెట్టారు. అది చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది. ఎందుకంటే అక్కడ ఎవరూ దేన్నీ సరిదిద్దలేదు. ఇల్లు, ఇంటికి జరిగింది, రెండూ ఒకే గోడలో చదువుకోవచ్చు.

తర్వాత ఇటలీ ఓడల రాకపోకలతో ఊరు మళ్ళీ కోలుకుంది. 16వ శతాబ్దంలో అవి కూడా ఆగిపోయాయి, వ్యాపారం లండన్‌కి పోయింది. ఊరు పేదదైంది. సరిగ్గా ఇక్కడే ఇలాంటి ఇళ్ళు బతికాయి. డబ్బున్న ఊళ్ళో పాత ఇల్లు పడగొట్టి కొత్తది కట్టుకుంటారు. డబ్బు లేని ఊళ్ళో ఉన్నదానికే అతుకులేసుకుని, అడ్డుగోడలు పెట్టుకుని, గదికొకరికి అద్దెకిచ్చుకుంటారు. 58వ నంబరు కూడా అలాగే సాగింది. అద్దె గదులైంది. ఆ వీధిలో నాటకశాల ఉండేది, నాటకాలవాళ్ళు ఇక్కడ దిగేవాళ్ళు. బుల్స్ హెడ్ అనే పేరుతో బీరు దుకాణమైంది. కొన్నాళ్ళు సానికొంప అని కూడా పేరు పడింది. 1940 చివర్లో జర్మన్ల బాంబులు ఊరిని నేలమట్టం చేసినప్పుడు ఈ ఇల్లు కూడా దెబ్బతింది. పైపూతలు, అడ్డుగోడలు చెదిరిపోయి, వాటి వెనకనుంచి 13వ శతాబ్దపు ఇల్లు బయటపడింది.

1980ల్లో తీసుకున్న నిర్ణయం ఇది: ఇంటిని మళ్ళీ ఫోర్టిన్ కాలంలోకి తీసుకెళ్ళాలి. తర్వాత వచ్చినవన్నీ తీసేసి, పోయినవి తిరిగి కట్టి, ఆ కాలం నమూనాలో పెట్టెలు, బల్లలు, మంచాలు చేయించి పెట్టారు. వీధిలో వైను పీపా ఒకటి వేలాడదీశారు.

ఇలా చేయకూడదని ఇంగ్లండులో వంద ఏళ్ళకి ముందే పెద్ద వాదం జరిగింది. విలియం మోరిస్ అనే కవి, డిజైనరు 1877లో పాత కట్టడాల రక్షణ సంఘం పెట్టిందే దీనికోసం. కట్టడాన్ని పడిపోకుండా చూడండి, వెనక్కి తిప్పకండి అని ఆయన వాదన. అప్పట్లో మధ్యయుగం పేరు చెప్పి చర్చిల్లో తర్వాతి శతాబ్దాల పనినంతా గోకి పారేస్తుంటే మండిపడి మొదలుపెట్టాడు.

నేను పూర్తిగా మోరిస్ పక్షం కాదు. అడ్డుగోడలతో, మధ్యలో వేసిన అంతస్తులతో ముక్కలైన హాలు ముందు నిలబడి ‘ఇది ఒకప్పుడు కప్పు దాకా ఖాళీ’ అని చదువుకోవడం వేరు, మెడ ఎత్తి ఆ ఎత్తు చూడటం వేరు. ఇంజనీరింగ్ చదివే పిల్లలకి నాలుగు బొమ్మలు గీసి చెప్పేదానికన్నా ఆ నడవా మీద ఒక్కసారి నడిపిస్తే ఎక్కువ ఎక్కుతుంది. అందుకే హాలు, దుకాణం తిరిగి కట్టారంటే నాకు అభ్యంతరం లేదు. యార్క్‌లో బార్లీ హాల్ అని ఇంకో పట్నవాసపు ఇల్లుంది. 1980ల్లో కూల్చబోతుంటే లోపల మధ్యయుగపు చట్రం దొరికింది. దాన్ని 1483లో ఉన్నట్టు తిరిగి కట్టారు. అక్కడ కుర్చీల్లో కూర్చోవచ్చు, వస్తువులు ముట్టుకోవచ్చు. మొహమాటం లేకుండా ‘ఇది తిరిగి కట్టింది’ అని ఒప్పుకున్న ఇల్లు. అదీ బాగానే ఉంది.

నేను ఒప్పుకోలేనిది ఇంకోటి. 1290 నుంచి 1940 దాకా 650 ఏళ్ళు. ఫోర్టిన్‌కి ఎంత వయసిచ్చినా అందులో చిన్న ముక్క. ఈ ఇల్లు ఆయన గోడల బలంతో ఎంత నిలబడిందో, పడగొట్టే స్తోమత లేని అద్దె జనం వల్ల అంతే నిలబడింది. వాళ్ళ అతుకులు, వాళ్ళ పూతలే ఆ గోడల్ని అన్నేళ్ళూ కప్పి ఉంచాయి. బాగుచేసే వంతు వచ్చేసరికి వాళ్ళే చెత్త కింద లెక్కయ్యారు. ‘తర్వాతి కాలపు మార్పులు తొలగించాం’ అన్న ఒక్క వాక్యంలో బుల్స్ హెడ్‌లో బీరు పోసినామె, గదిలో నాటకం మాటలు వల్లెవేసుకున్నవాడు, ఓడ కోసం ఎదురుచూస్తూ పడుకున్న నావికుడు, అందరూ వెళ్ళిపోయారు.

దీనికి జవాబుగా ఒక మాట వినపడుతుంది: ఫోర్టిన్ ఇల్లు అరుదైనది, బీరు దుకాణాలు వేలున్నాయి. నిజమే. రెండో మాట, ఆధారాలున్నదే చూపించాలి అని. ఇది మాత్రం తిరగబడుతుంది. హాల్లో పెట్టిన బల్ల, పెట్టె, దుప్పటి ఫోర్టిన్‌వి కావు. ఆ కాలంలో వేరేచోట్ల మిగిలిన వస్తువులు, బొమ్మలు, జాబితాలు చూసి చేయించినవి. బాగా ఆలోచించి చేసిన ఊహ. అదే 19వ శతాబ్దానికొస్తే ఊహతో పనిలేదు. 1841 నుంచి ఇంగ్లండు జనాభా లెక్కల్లో పదేళ్ళకోసారి ఇంటింటికీ తిరిగి పేరు, వయసు, చేసే పని రాశారు. 1851 నుంచి పుట్టిన ఊరు కూడా రాశారు. ఆధారాలే కొలమానమైతే, ఫోర్టిన్ మంచం కన్నా ఆ అద్దెవాళ్ళ చిట్టా గట్టిది.

చూసేవాళ్ళు మధ్యయుగం కోసం డబ్బులిస్తారు, ఇరుకు అద్దె గది కోసం ఇవ్వరు అనేవాళ్ళు కూడా ఉన్నారు. ఇవ్వరని ఎందుకనుకోవాలి? బర్మింగ్‌హామ్‌లో పనివాళ్ళ కోసం వెనక్కివెనక్కి ఆనించి కట్టిన ఇరుకు కొంపల వరసని నేషనల్ ట్రస్ట్ కాపాడి చూపిస్తుంటే జనం ముందుగా బుక్ చేసుకుని మరీ వెళ్తున్నారు.

అందుకని నేను అడిగేది పెద్ద కోరికేం కాదు. హాలు అలాగే ఉంచండి, దుకాణం ఉంచండి, పీపా వేలాడనివ్వండి. పైన వెనక గదిలో మాత్రం ఆ కొత్త పాత మంచం తీసేసి, అద్దెవాళ్ళ గది పెట్టండి: ఇనుప మంచం, ఒక ట్రంకు పెట్టె, మేకుకి తగిలించిన కోటు, గోడకి నాలుగైదు పొరల కాగితం. అది కూడా కుదరదంటే, నడవా కొసన ఒక స్టాండ్ నిలబెట్టి, జనాభా లెక్కల్లో ఆ చిరునామా కింద దొరికిన పేర్లు వరసగా రాసి పెట్టండి. గోడకి మేకు కూడా కొట్టనక్కర్లేదు.